అమెన్‌రా: కోర్ట్‌రైక్ నుంచి ఇంత దూరం ఎలా వచ్చారు? ఆ మోత ఎలా పుడుతుంది?

నిశీథి_రాగం
బెల్జియం మెటల్ బ్యాండు అమెన్‌రా గురించి తెలుగులో ఒకేచోట వివరంగా ఏమీ దొరకట్లేదు, అందుకే ఈ చర్చ. రెండు సంగతులు తెలియాలి.

ఒకటి, 1999లో మొదలైన వాళ్ళు 2012కి న్యూరాట్ లేబులుకీ (రికార్డు సంస్థకి), 2021కి రిలాప్స్ లేబులుకీ ఎలా చేరారు? మధ్యలో ఏం జరిగింది?

రెండోది గిటారు సంగతి. 25.5 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు), పది-నలభైయ్యారు తీగల సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం). మిగతా అయిదూ మామూలుగానే ఉంచి అడుగు తీగ ఒక్కదాన్నీ 'ఈ' నుంచి 'ఏ'కి దించితే తీగ వేలాడిపోతోంది. కొట్టగానే స్వరం పైకి లేచి తర్వాత కిందికి జారుతోంది. వాళ్ళ ట్యూనింగే కావాలని కాదు, ఆ బరువు కావాలి.

లేయీ_నది
మొదటి ప్రశ్నకి నేను చెప్తాను. అమెన్‌రాని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ ఊరు తెలియాలి. కోర్ట్‌రైక్ పశ్చిమ ఫ్లాండర్స్‌లో, ఫ్రాన్సు సరిహద్దుకి దగ్గర్లో ఉంది. ఆ జిల్లా పిన్‌కోడ్‌లన్నీ 8తో మొదలవుతాయి. 90ల్లో అక్కడ పుట్టిన హార్డ్‌కోర్ (పంక్ నుంచి వచ్చిన కరుకు సంగీతం) గుంపుకి 'ఎచ్ 8000' అన్న పేరు అలా వచ్చిందే. ఈపర్ ఊళ్ళో వోర్టన్ విస్ అనే చోటు వాళ్ళకి అడ్డా. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఈపర్ ఇదే.

గాయకుడు కోలిన్ వాన్ ఏక్‌హౌట్, గిటారిస్టు మాత్యూ వాండెకెర్క్‌హోవ్ ఇద్దరూ స్పైన్‌లెస్ అనే హార్డ్‌కోర్ బ్యాండు నుంచే వచ్చారు. హార్డ్‌కోర్‌లో ఎవరి పని వాళ్ళే చేసుకోవాలి. కచేరీ మాట్లాడుకోవడం, చొక్కాలు అచ్చు వేయించుకోవడం, రికార్డులు పెట్టెల్లో సర్దుకోవడం, అన్నీ. ఆ అలవాటు అమెన్‌రాలో ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా పోలేదు. నా దృష్టిలో వీళ్ళ ఎదుగుదలకి అసలు మూలం అదే.

దూరాలు కూడా కలిసొచ్చాయి. కోర్ట్‌రైక్ నుంచి గెంట్, బ్రస్సెల్స్, ఫ్రాన్సులో లీల్, అన్నిటికీ సాయంత్రం వ్యానులో వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే నెదర్లాండ్స్‌లో టిల్‌బర్గ్, అక్కడే రోడ్‌బర్న్ అనే సంగీత పండగ. ఉద్యోగం మానకుండా మూడు దేశాల్లో శ్రోతల్ని సంపాదించుకోగల చోటది.

ఆల్బమ్ పేర్ల గురించి కూడా ఒక మాట. 'మాస్' అంటే మన సినిమాల మాస్ కాదు, కథోలిక చర్చిలో జరిగే దివ్యబలిపూజ. మొదటిది 2003లో వచ్చింది. 2008 నాటి నాలుగోదాని మీద రోమన్ అంకె మామూలుగా కాకుండా నాలుగు నిలువు గీతలుగా ఉంటుంది. అయిదోది 2012, ఆరోది 2017.

ఉక్కుగొంతు
వివరాలు బాగున్నాయి లేయీ గారూ. కానీ బెల్జియం హెవీ మెటల్ ఎదుగుదల అన్నప్పుడు అమెన్‌రాతో మొదలుపెట్టడం అన్యాయం. 80ల్లోనే బ్రూజ్ నుంచి యాసిడ్ ఉంది. కేట్ అనే అమ్మాయి గొంతుతో 1983లో ఒకే ఏడాది రెండు ఆల్బములు వేసింది. గెంట్ నుంచి ఆస్ట్రోగోత్ ఉంది. ఆస్ట్రోగోత్ రికార్డులు వేసిన మౌసోలియం లేబులు 80ల మధ్యలోనే మూతపడింది. లేబులు పోతే బ్యాండు దారి కూడా మూసుకుపోయే రోజులవి.

తర్వాత బ్రస్సెల్స్‌లో 1990లో పుట్టిన చానెల్ జీరో. 1994లో అట్టీ బౌ నిర్మాణంలో 'అన్‌సేఫ్', 1996లో 'బ్లాక్ ఫ్యూయల్'. దేశం మొత్తానికి తెలిసిన మెటల్ బ్యాండు అదే. అసలు ఎదుగుదల అంటే అది.

లేయీ_నది
ఒప్పుకుంటాను అన్నా. చానెల్ జీరో లేకపోతే బెల్జియంలో పెద్ద హాళ్ళు మెటల్‌కి తలుపు తీసేవి కావు. కాకపోతే ఆ రెండు దారుల తేడా చూడండి. చానెల్ జీరో ఏడేళ్ళలో ఎంత ఎత్తుకి ఎక్కాలో అంతా ఎక్కి 1997లో విడిపోయింది. మళ్ళీ కలిసి 2010 జనవరిలో బ్రస్సెల్స్‌లోని ఆన్సియెన్ బెల్జిక్ హాలుని వరసగా ఆరు రాత్రులు నింపింది. ఆ హాల్లో సుమారు 2000 మంది పడతారు. అంటే శ్రోతలు ఎక్కడికీ పోలేదు, పదమూడేళ్ళు వేచి ఉన్నారు. 2013లో డ్రమ్మర్ ఫిల్ బాహో చనిపోవడం వాళ్ళకి పెద్ద దెబ్బ. అయినా మరుసటి ఏడాదే ఇంకో ఆల్బమ్ తెచ్చారు.

అమెన్‌రా అదే హాలుకి చేరడానికి పదమూడేళ్ళు పట్టింది. 2012 డిసెంబరులో అక్కడ వాయించిన కచేరీని రికార్డుగా కూడా వేశారు. రేడియో పాట ఒక్కటీ లేకుండా వచ్చారు. ఎలాగంటే, చుట్టూ 'చర్చ్ ఆఫ్ రా' అనే బృందాన్ని కట్టుకున్నారు. ఓత్‌బ్రేకర్, వీఖెడోడ్, ద బ్లాక్ హార్ట్ రెబెలియన్, ఇలా స్నేహితుల బ్యాండులు. అమెన్‌రా గిటారిస్టు లెన్నార్ట్ బోసు ఓత్‌బ్రేకర్‌లోనూ ఉన్నాడు. బేసు వాయించిన లీవీ సేనావే వీఖెడోడ్‌లో గొంతు. ఫోటోలు తీసేవాళ్ళు, వీడియో చేసేవాళ్ళు కూడా ఆ గూటివాళ్ళే. ఒక బ్యాండు వెలుగులోకి వస్తే మిగతావాళ్ళ మీద కూడా ఆ వెలుగు పడుతుంది. లేబులు పోయినా గూడు చెదరదు.

న్యూరాట్ కూడా అలాంటిదే. అమెరికాలోని ఓక్‌లాండ్‌లో న్యూరోసిస్ బ్యాండు సొంతంగా నడుపుకునే లేబులు. అయిదో మాస్‌ని రికార్డు చేసింది బిల్లీ ఆండర్సన్. న్యూరోసిస్, స్లీప్, మెల్విన్స్ లాంటి బ్యాండులతో పనిచేసిన మనిషి. ఆయన బెల్జియం వచ్చి లా షపెల్ స్టూడియోలో చేశాడు. ఆ ఆల్బమ్‌లో మొత్తం నాలుగే పాటలు.

తీగమేస్త్రి
రెండో ప్రశ్న నాకు వదిలేయండి. నిశీథి గారూ, మీ తీగ వేలాడటానికి కారణం ఒక్క లెక్కలో తేలిపోతుంది.

25.5 అంగుళాల స్కేలు మీద 46 తీగ 'ఈ'లో (82.4 హెర్ట్జ్) ఉన్నప్పుడు బిగువు సుమారు 7.9 కిలోలు. దాన్నే 'ఏ'కి (55 హెర్ట్జ్) దించితే 3.5 కిలోలే మిగులుతుంది. సగం కూడా లేదు. బిగువు అంత తక్కువైతే మీటినప్పుడు తీగ ఎక్కువ సాగి, ఆ క్షణానికి బిగువు పెరిగి స్వరం పైకి పోతుంది. ఊపు తగ్గాక అసలు చోటికి దిగుతుంది. మీరు వింటున్న జారుడు అదే. యాంప్ లోపం కాదు, పికప్ లోపం అంతకంటే కాదు.

మందు: 62 తీగ. అంటే అంగుళంలో వెయ్యో వంతులు 62, అంటే 1.57 మిల్లీమీటర్లు. 'ఏ'లో దీని బిగువు 6.5 కిలోలు. 27 అంగుళాల బారిటోన్ గిటారు దొరికితే అదే తీగకి 7.3 వస్తుంది, కానీ ఇప్పుడు కొనక్కర్లేదు.

తీగ మార్చగానే వచ్చే తిప్పలు వరసగా చెప్తాను.

నట్ (మెడ పైచివర తీగలు ఆనుకునే పట్టీ) గాడి 46 తీగకి కోసి ఉంటుంది, అంటే సుమారు 1.2 మి.మీ. 62 అందులో దిగదు, పైన కూర్చుంటుంది. గాడిని వెడల్పు చెయ్యాలి కానీ లోతు చెయ్యకూడదు. సన్న ఆకురాయి లేకపోతే పాత 52 తీగ ముక్కకి 400 నంబరు గరుకు కాగితం ఒక చుట్టు చుట్టి, తల వైపు కొంచెం వాలుగా పట్టుకుని, పది సార్లు రాసి తీగ పెట్టి చూడండి. మళ్ళీ పది సార్లు. ఒక్కసారే రాసేస్తే గాడి లోతైపోయి ఖాళీ తీగ మొదటి ఫ్రెట్ మీద గరగరలాడుతుంది. అలా అయితే గాడిలో చిటికెడు వంటసోడా వేసి ఒక్క చుక్క సూపర్ గ్లూ వదలండి. రాయిలా గట్టిపడుతుంది, మళ్ళీ కోసుకోవచ్చు.

ట్యూనరు మేకు రంధ్రంలో 1.57 మి.మీ. తీగ దూరకపోవచ్చు. ముందు తీగ పట్టుకుని చూసుకోండి. చివర చుట్టు విప్పి లోపలి తీగని మాత్రమే దూర్చడం కొందరు చేస్తారు. అలా చేసేముందు తీగని ఎల్‌ ఆకారంలో వంచండి, లేకపోతే చుట్టు మొత్తం వదులైపోయి తీగ చచ్చిపోతుంది.

తర్వాత ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా స్వరాలు శ్రుతిలో ఉండేలా సరిచెయ్యడం. పన్నెండో ఫ్రెట్ మీద నొక్కిన స్వరం, అక్కడే హార్మోనిక్ స్వరం పోల్చండి. లావు తీగకి నొక్కినది పైకి ఉంటుంది. శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కని) నట్‌కి దూరంగా జరపాలి. జరిగే చోటు అయిపోతే, స్ట్రాట్ రకం బ్రిడ్జి అయితే ఆ ఒక్క శాడిల్ స్ప్రింగు తీసేయండి, ఇంకో రెండు మిల్లీమీటర్లు దొరుకుతాయి.

నిశీథి_రాగం
తీగమేస్త్రి గారూ, చాలా థాంక్స్. మెడ లోపలి రాడ్ కూడా తిప్పాలా? ఇంకోటి: పదడుగుల బై పదడుగుల గదిలో యాంప్ పెడితే అడుగు స్వరం ఒకచోట అసలు వినబడట్లేదు, గోడ దగ్గరికి వెళ్తే చెవులు పగిలిపోతున్నాయి. ఇది తీగ వల్లేనా?

తీగమేస్త్రి
రాడ్ ముట్టుకోకండి. ఆరు తీగల బిగువు కలిపితే సుమారు 47 కిలోలు. మీరు తగ్గిస్తున్నది కిలోన్నర లోపే. మెడ దాదాపు కదలదు. ఆరు తీగలూ దించితే అప్పుడు వేరే సంగతి. గది గురించి బేసు వాళ్ళు చెప్పాలి.

గోదారి_బేస్
గది తప్పే అది, తీగ తప్పు కాదు. పదడుగులంటే 3.05 మీటర్లు. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు అనుకుని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే 56 హెర్ట్జ్ వస్తుంది. మీ అడుగు 'ఏ' 55. గది మీ స్వరానికే శ్రుతి చేసినట్టు ఉందన్న మాట! పైగా చదరపు గది కాబట్టి రెండు జతల గోడల మధ్యా అదే అంకె.

ఈ తరంగానికి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా గది మధ్యలో దాదాపు సున్నా. మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషికి బేసు వినబడదు, యాంప్‌లో బేసు పెంచుతాడు, పక్క గదిలో గిన్నెలు మోగుతాయి. కుర్చీని ఒక గోడ నుంచి సుమారు మూడున్నర-నాలుగడుగుల దూరానికి జరపండి. క్యాబ్‌ని (స్పీకరు పెట్టెని) మూల నుంచి తప్పించండి. గుడ్ల అట్టలు, పరుపులు గోడకి కొట్టకండి. 56 హెర్ట్జ్ తరంగంలో పావు వంతే ఒకటిన్నర మీటరు, నాలుగంగుళాల నురుగు దాన్ని ఆపలేదు. 56 దగ్గర సన్నటి ఈక్యూ కోత 4-5 డెసిబెల్స్ పెడితే సాధనకి చాలు. రికార్డింగులో మాత్రం ఆ కోత తీసేయండి.

ఇక అమెన్‌రా లాంటి మోత సంగతి. కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు గెయిన్ (యాంప్‌లో గరుకుని పెంచే మీట). ఇద్దరు గిటారిస్టులూ గెయిన్ మొత్తం తిప్పేస్తే తీగ మీటిన దెబ్బ నలిగిపోయి ఇసుక జారినట్టు వినబడుతుంది. ఒక్క గిటారుతో విన్నప్పుడు 'కాస్త తక్కువైందే' అనిపించేంత గెయిన్ పెట్టుకోండి. ఇద్దరూ కలిశాక సరిపోతుంది. మిక్స్‌లో గిటార్లని 80-100 హెర్ట్జ్ కింద కోసేయండి. అడుగు భాగం బేసు గిటారుది. బేసుని రెండు పాయలుగా విడదీయండి: 150 కింద శుభ్రంగా, పైన డిస్టార్షన్‌తో. మొత్తానికి డిస్టార్షన్ వేస్తే అడుగు ఊడిపోయి బేసు కూడా మూడో గిటారు అయిపోతుంది.

ఇంకొకటి. కోలిన్ ఒక్కడే చేసే సంగీతంలో హర్డీగర్డీ వాడతాడు. చేత్తో చక్రం తిప్పితే తీగలు రాసుకుంటూ ఆగకుండా ఒకే శ్రుతి మోగే పాతకాలపు వాద్యం. అది విన్నాక అమెన్‌రా రిఫ్‌లు (తిరిగి తిరిగి వచ్చే గిటారు ముక్కలు) మళ్ళీ వినండి. అడుగు తీగ ఎక్కడా ఆగదు, పై తీగల మీదే రెండు మూడు స్వరాలు కదులుతాయి. తంబూరా అలవాటున్న మన చెవికి ఈ పద్ధతి పరాయిది కాదు.

ఢంకా_బాబు
డ్రమ్స్ వైపు నుంచి. వేగంగా వాయించడం కన్నా ఇంత నెమ్మదిగా వాయించడం కష్టం. నిమిషానికి 60 దెబ్బలంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య పూర్తి సెకను. ఆ ఖాళీలో చెయ్యి ఆగలేక ముందుకి తోసుకుపోతుంది. నాలుగైదు నిమిషాలయ్యేసరికి 66కి చేరిపోతారు, ఎవరికీ తెలియదు కూడా. మెట్రోనోమ్‌ని 60కి కాదు, 120కో 240కో పెట్టి లోపలి ముక్కల్ని నోటితో 'తకధిమి తకధిమి' అనుకుంటూ వాయించండి. మన లెక్కే ఇక్కడ అన్నిటికన్నా పనికొస్తుంది.

అమెన్‌రా డ్రమ్మర్ బ్యోర్న్ లెబోన్ వాయింపులో నేను గమనించేది ఫిల్స్ (మధ్యలో వేసే అలంకారపు దెబ్బలు) తక్కువ ఉండటం. రిఫ్ ఎనిమిది సార్లు తిరిగితే ఎనిమిదిసార్లూ దాదాపు ఒకేలా కొడతాడు, తొమ్మిదోసారి ఒక్క టామ్ దెబ్బ చేరుస్తాడు. అప్పటికి ఆ ఒక్క దెబ్బే పిడుగులా తగులుతుంది. ప్రతి చుట్టుకీ అలంకారం పెడితే ఆ బరువు రాదు.

స్వరపేటిక
కోలిన్ అరుపు చూసి గొంతు చించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. మైకులో వినబడేంత గట్టిగా ఆ అరుపు బయట ఉండక్కర్లేదు. అసలు స్వరతంత్రుల మీద బలం పడకుండా, వాటి పైనుండే మడతల్ని దగ్గరికి తెచ్చి, తక్కువ గాలితో గరుకు పుట్టించాలి. గాలి ఎక్కువ తోస్తే గరుకు పెరగదు, మంట పెరుగుతుంది. ముందు పదిహేను నిమిషాలు హమ్మింగ్, పెదాల ట్రిల్. సాధన రోజుకి 20 నిమిషాలు దాటొద్దు. గొంతులో నొప్పి తెలిసిన క్షణం ఆపేయాలి, మరునాడు గొంతు బొంగురుపోతే రెండు రోజులు పూర్తి విశ్రాంతి. గుసగుసలు కూడా వద్దు, గుసగుస తంత్రుల్ని ఎండబెడుతుంది.

మైకు జాలీని గుప్పిట్లో మూసేయకండి. అలా మూస్తే మైకు అన్ని వైపుల శబ్దాన్నీ పట్టేసి ఈల మొదలవుతుంది. అప్పుడు సౌండు మనిషి మీ గొంతు తగ్గిస్తాడు, మీరు ఇంకా గట్టిగా అరుస్తారు. గొంతు దెబ్బతినేది అక్కడే.

ఉక్కుగొంతు
నాకు వాళ్ళ వేదిక సంగతి తెలుసుకోవాలనుంది. కోలిన్ జనానికి వీపు పెట్టి డ్రమ్స్ వైపు తిరిగి పాడతాడు. వెనక తెర మీద నలుపు తెలుపు బొమ్మలు. అది చిన్న హాల్లో చేయబోయిన వాళ్ళవన్నీ వెలిసిపోయినట్టు కనబడతాయి, ఎందుకు?

వెలుగునీడ
ముందు లైట్ల వల్ల. లెక్క చూడండి. 1.5 త్రో నిష్పత్తి (దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) ఉన్న ప్రొజెక్టరు ఆరు మీటర్ల దూరంలో పెడితే బొమ్మ వెడల్పు నాలుగు మీటర్లు, ఎత్తు రెండుంబావు, మొత్తం తొమ్మిది చదరపు మీటర్లు. 3000 ల్యూమెన్లని అంతమేరా పరిస్తే చదరపు మీటరుకి 333 మాత్రమే. ఎదురు నుంచి వేసే మామూలు స్టేజీ లైటు తెర మీద పడితే దీన్ని మింగేస్తుంది. నలుపు బూడిద రంగుకి వస్తుంది. ప్రొజెక్టరుకి నలుపు వెయ్యడం రాదు కదా, వెలుగు లేకపోవడమే నలుపు.

అందుకే ఎదురు లైట్లు ఆపేయాలి. పక్కల నుంచి, వెనక నుంచి తెల్లటి లైట్లు రెండు, మూడు, అంతే. మనుషులు నీడలుగా కనబడతారు. పొగ తక్కువ వెయ్యాలి, ఎక్కువైతే బొమ్మ తెర మీద కాకుండా పొగలోనే ఆగిపోతుంది. ముందు నుంచి ప్రొజెక్షన్ వేస్తే బొమ్మలు వాయించేవాళ్ళ ఒంటి మీద కూడా పడతాయి. అది తప్పు కాదు, అందంగానే ఉంటుంది, కానీ తెల్ల చొక్కాలు వేసుకోవద్దు.

వీపు చూపడం గురించి నా మాట: అది జనాన్ని చిన్నచూపు చూడటం కాదు. చర్చిలో పాత పద్ధతి పూజలో గురువు కూడా జనంతో కలిసి ఒకే దిక్కుకి తిరిగి నిలబడేవాడు. ఆల్బమ్ పేర్లు పూజ అని పెట్టుకున్నవాళ్ళు అలా నిలబడితే నాకు అర్థవంతంగానే అనిపిస్తుంది.

నిశీథి_రాగం
2021లో వచ్చిన 'డె డోర్న్' మొత్తం ఫ్లెమిష్‌లో (ఫ్లాండర్స్‌లో మాట్లాడే డచ్‌లో) ఉంది కదా. పైకి ఎక్కాక సొంత భాషకి మారడం రిస్కు అనిపించలేదా వాళ్ళకి?

లేయీ_నది
ఒక్కసారిగా మారలేదండీ. 2017 నాటి ఆరో మాస్‌లోనే ఫ్లెమిష్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ మూడూ ఉన్నాయి. ఆరు భాగాల్లో రెండు చిన్న ముక్కలు కేవలం మాటలే. అక్కడ శ్రోత చెవిని సిద్ధం చేసి, తర్వాత రిలాప్స్ ద్వారా వచ్చిన మొదటి ఆల్బమ్‌ని పూర్తిగా సొంత మాటలో పెట్టారు. 'డె డోర్న్' అంటే ముల్లు. మాస్ వరసలో కాకుండా బయట నిలబడ్డ పెద్ద ఆల్బమ్ కూడా అదే. ఓత్‌బ్రేకర్ గాయని కారో టాంగె గొంతు కూడా ఉంది, గూడు సంగతి మళ్ళీ గుర్తు చేసుకోండి. 2025లో మళ్ళీ రెండు చిన్న రికార్డులు ఒకేసారి ఇచ్చారు, ఒకదాని పేరు ఫ్లెమిష్‌లో, ఒకదానిది ఇంగ్లిష్‌లో.

స్వరపేటిక
ఇక్కడ తెలుగులో మెటల్ రాయాలనుకునేవాళ్ళకి పనికొచ్చే విషయం ఉంది. అరుపు నిలబడేది అచ్చు మీద, హల్లు మీద కాదు. ఫ్లెమిష్ మాటలు ఎక్కువగా హల్లుతో తెగిపోతాయి, అందుకే కోలిన్ మాట మధ్యలో ఉన్న దీర్ఘాన్ని సాగదీస్తాడు. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు సిద్ధంగా ఉంటుంది. కాకపోతే మన మాటలు ఎక్కువగా 'ఉ', 'ఇ'ల మీద ముగుస్తాయి, అవి నోరు మూసే అచ్చులు, అరుపులో నలిగిపోతాయి. పంక్తి చివర 'ఆ', 'ఓ' వచ్చేలా రాసుకోండి. 'రాత్రి' కన్నా 'రాతిరిలో' నిలుస్తుంది. 'నిప్పు' కన్నా 'నిప్పులా'.

గోదారి_బేస్
రికార్డింగు దాకా వెళ్ళేవాళ్ళకి ఇంకొక్కటి. మెల్లగా మొదలై విరుచుకుపడే పాటని మాస్టరింగులో (విడుదలకి ముందు చివరి మెరుగులో) గట్టిగా నొక్కకండి. లిమిటరు మెల్లటి భాగాన్ని పైకి లేపేస్తుంది. గిటార్లు అన్నీ పడే చోట తేడా మిగలదు, ఆరు నిమిషాలు కట్టిన గోడ కూలిపోతుంది. మెల్లటి భాగానికీ పెద్ద భాగానికీ కనీసం 8-10 డెసిబెల్స్ తేడా ఉంచండి. ఎల్పీ వెయ్యాలనుంటే ఒక్కో వైపుకి 20 నిమిషాలు దాటనివ్వొద్దు. బేసు ఎక్కువున్న గాడికి వెడల్పు ఎక్కువ కావాలి. నిడివి పెరిగితే కట్టింగ్ ఇంజినీరు శబ్దం తగ్గించాల్సి వస్తుంది, లేదా బేసు కోస్తాడు. రెండూ మనకి నష్టమే.

తీగమేస్త్రి
నిశీథి గారూ, 62 తీగ వేశాక వెంటనే ఇంటొనేషన్ పెట్టకండి. 'ఏ'కి బిగించి, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని వేలితో మెల్లగా మూడు నాలుగు సార్లు పైకి లాగి, మళ్ళీ శ్రుతి చేసి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్న శ్రుతి చూసుకుని అప్పుడు శాడిల్ జరపండి. పికప్ కూడా అడుగు తీగ వైపు అర మిల్లీమీటరు దించండి. లావు తీగ ఊపుకి అయస్కాంతం దగ్గరైతే స్వరం వణుకుతుంది.

నిశీథి_రాగం
అందరికీ కృతజ్ఞతలు. 62 తీగ విడిగా ఆర్డరు పెట్టాను, 400 కాగితం ఇంట్లోనే ఉంది. కుర్చీ నాలుగడుగులకి జరిపాక అడుగు 'ఏ' వినబడుతోంది.